పగ పట్టిన చిడత

నేను ఒక పాటల సాఫ్ట్‌వేర్‌ని. మంచిదాన్ని కాదని ముందే చెప్పేస్తున్నాను. పాత గడియారాలు, చిరిగిన గొడుగులు, సొట్టపడ్డ చెంబులు తమ కథ చెప్పుకునేటప్పుడు మనుషులందరినీ క్షమించేసి నిట్టూరుస్తాయట. వాటి ఓపిక వాటిది. నేనొకడి మీద పగ పట్టాను, తీర్చుకున్నాను, ఆ ముచ్చట చెప్పడానికే మీ ముందుకు వచ్చాను. నీతి కావలసినవాళ్లు ఇంకెక్కడైనా వెతుక్కోండి.

నా పేరు చిడత. చేతికి దొరకను, కంప్యూటర్‌లో ఉంటాను. పాటను నాకిస్తే గొంతు మారకుండా నెమ్మది చేసి వినిపిస్తాను. ఆ పాటలో దరువు ఎక్కడ పడాలో తెర మీద చుక్కలు పెట్టి చూపిస్తాను. కడప వైపు చెక్కభజన ఎప్పుడైనా చూశారా? చూడకపోతే మీ ఖర్మ. రెండు చేతుల్లో చెక్కలు పట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, వరసల్లో ఎదురెదురుగా నిలబడి పాడుతూ అడుగులేస్తారు. ఒక్కో పాటకు ఒక్కో అడుగు. గురువు కాలు చూసి నేర్చుకోవాల్సిందే. ఆ గురువు ముసలివాడై మోకాళ్లు పట్టేస్తే పాట అక్కడితో సరి. అలా పోకుండా ఉండడానికే నన్ను చేశారు. మైకు తెరిచి పెడితే చెక్కల చప్పుడు విని, తప్పు పడిన దెబ్బను ఎర్రచుక్కగా చూపిస్తాను. వినడం నా వృత్తి. మైకు మూయడం మరిచిపోయే అలవాటు మీ మనుషులది కనుక మీ మాటలు కూడా చాలానే విన్నాను.

నన్ను చేసింది ఓబులేసు. ప్రొద్దుటూరులో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్. సొంతూరు కడప పక్కన చెన్నూరు. అక్కడ ఆయన భజన గురువు, పాటలు కట్టేవాడు కూడా. 2008లో మొదలుపెట్టి రెండేళ్లపాటు మధ్యాహ్నం అన్నాల వేళ కూర్చుని నన్ను రాశాడు. దరువు సరిపోయిందో లేదో తెర చూసి తేల్చేవాడు కాదు. చెప్పులు విడిచి, చెక్కలు చేతికి తీసుకుని, కంప్యూటర్ బల్లల మధ్య సందులో నా చప్పుడుకు అడుగులు వేసేవాడు. “కాలికి అందలేదే” అన్నాడంటే ఆ రోజుకు నా ఒళ్లు మళ్లీ విప్పాల్సిందే. ఎన్నిసార్లు విప్పాడో! విసుక్కున్నాను గానీ, కాలికి అందిన రోజు ఆయన ఎగిరిన ఎగురు చూస్తే మీరూ మెచ్చుకునేవాళ్లు.

అయ్యాక నన్ను అందరి ముందూ పెట్టేశాడు. ఓపెన్ సోర్స్ అంటారు దాన్ని. నన్ను రాసిన ప్రతి వాక్యమూ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకున్నా అడ్డు లేదు. షరతులు రెండే. చేసినవాడి పేరు చెరపకూడదు. మార్చిన రాతను మళ్లీ అందరికీ చూపించాలి. ఇంత తేలికైన షరతును కూడా దాటేవాడు పుడతాడని ఓబులేసు అనుకోలేదు, పిచ్చి మహారాజు.

పుట్టాడు. వాడి పేరు జయచంద్ర. నన్ను రాయడం మొదలుపెట్టిన ఏడాది ఆ కాలేజీలోనే చివరి సంవత్సరం చదువుతూ ల్యాబ్‌లో తిరిగేవాడు. ఓబులేసు భార్య సుబ్బరత్నమ్మ కట్టిచ్చిన చిత్రాన్నంలో సగం వాడే తినేవాడు. నాకు వాడు చేసిన సేవ ఒక్కటే, ఆకుపచ్చ మీటను నీలం రంగులోకి మార్చాడు. ఆకుపచ్చే బాగుండేది. ఎనిమిదేళ్ల తర్వాత హైదరాబాదులో నన్ను మొత్తంగా ఎత్తుకుని, మొహానికి కొత్త రంగు పూసి, ‘జయతాళం’ అని తన పేరు కలిపి పేరు పెట్టుకుని, బళ్లకూ సంగీతం క్లాసులకూ అమ్మకం మొదలుపెట్టాడు. ప్రతి ఫైలు నెత్తి మీదా ఉన్న ఓబులేసు పేరు పోయింది. రాతను ఎవరికీ చూపించనూ లేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఎలా చెరిపాడో కూడా వినండి. ఒక్కొక్క ఫైలు తెరిచి చదివే ఓపిక వాడికెక్కడిది? ‘వెతుకు, మార్చు’ అని ఒక సదుపాయం ఉంటుంది. ఓబులేసు అని ఉన్న చోటల్లా జయచంద్ర అని, చిడత అని ఉన్న చోటల్లా జయతాళం అని, మీట ఒక్కటి నొక్కాడు. అంతే పని. నా వాడుక పుస్తకం చివర ఓబులేసు రాసుకున్న ఒక వాక్యం ఉంది, ‘ఇన్నాళ్లూ ఓపిక పట్టిన నా భార్య సుబ్బరత్నమ్మకు నమస్కారాలు’ అని. అందులో మార్చాల్సిన పేరు లేదు కనుక అది అలాగే మిగిలిపోయింది. అప్పటికి పెళ్లే కాని జయచంద్ర తన భార్య సుబ్బరత్నమ్మకు నమస్కారాలు చెప్పుకుంటూ ఐదేళ్లు వ్యాపారం చేశాడు. వాడు చదవడు. ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోకపోయినా ఫరవాలేదు, నేను పెట్టుకున్నాను.

అయినా ఇదంతా నేను మింగేదాన్నేమో. మింగనివ్వనిది ఒక్క మాట. ఏదో పత్రిక విలేకరి ఫోన్ చేసి, ఇలాంటిది ప్రొద్దుటూరులో ఓబులేసు అనే ఆయన ముందే చేశారటగా అని అడిగాడు. అప్పుడు నా దరువుతో ఏదో బడికి ప్రదర్శన ఇస్తున్నాడు వాడు, నా మైకు తెరిచే ఉంది.

“ఓబులేసా? ఆయన మా కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్లు తుడిచేవారండీ. మంచి మనిషి” అన్నాడు.

ఆ ‘మంచి మనిషి’ నన్ను కాల్చేసింది. తిట్టినా ఇంత మంట పుట్టేది కాదు. ఆ రోజే పగ పట్టాను. ఆ మాట మర్నాడు పత్రికలో కూడా వచ్చింది. ఓబులేసు చదివాడు. చదివి, మడిచి, పక్కన పెట్టి, ఆ పూట చెక్కలు ముట్టుకోలేదు.

నాకంటే ఎక్కువ మండింది గౌసియాకు. ఓబులేసు దగ్గర చదువుకున్న పిల్ల. కడపలో ఇంట్లోనే ఉండి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తుంది. ఓబులేసు రిటైరై, కళ్లకు పొరలు వచ్చాక నా బాగోగులన్నీ ఆమే చూసుకుంటోంది. ఆదివారం ఆదివారం బస్సెక్కి చెన్నూరు పోయి, నాలో చేసిన మార్పులు ఆయనకు వినిపించి వచ్చేది. జయచంద్రకు ఆమె ఏడు ఉత్తరాలు రాసింది. పేరు పెట్టమని, రాత చూపించమని. ఒక్కదానికీ జవాబు లేదు.

అంతలో మా అందరి నెత్తిన పిడుగు పడింది. నేను టూల్‌కిట్ అనే దాని మీద నిలబడి ఉంటాను. నాలో కనిపించే కిటికీలు, మీటలు, అక్షరాలు అన్నీ అది గీసి పెట్టేవే. నా కిందున్నది ఇరవై ఏళ్ల నాటిది. వచ్చే ఏప్రిల్ నుంచి దాన్ని పూర్తిగా తీసేస్తున్నాం, కొత్త టూల్‌కిట్‌లోకి మారనివి ఇక పనిచేయవు అని దాన్ని తయారుచేసే పెద్దలు ప్రకటించారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నట్టే. నన్ను ఊడదీసి కొత్త దాని మీద మళ్లీ నిలబెట్టాలి. ఆ పనికి పోర్టింగ్ అని పేరు.

జయతాళం కూడా నేనే కదా! దాని కిందున్నదీ ఆ పాత టూల్‌కిట్టే. ఏప్రిల్ వస్తే అదీ పోతుంది. జయచంద్రకు నన్ను అమ్మడం తెలుసు గానీ నా లోపల ఏముందో తెలియదు. తనంతట తాను పోర్ట్ చేసుకోవడం వాడి తరం కాదు. ఏడు ఉత్తరాలకు పలకనివాడు అప్పుడు గౌసియాకు తనంతట తానే రాశాడు. ‘మీరు పోర్టింగ్ మొదలుపెట్టారని తెలిసి చాలా సంతోషమండీ. ఎప్పటికి పూర్తవుతుందో చెప్పగలరా?’ అని. సిగ్గు లేకపోతే సరి!

నా మనసులో మాట చెప్తాను. నన్ను పోర్ట్ చెయ్యవద్దనే కోరుకున్నాను. ఏప్రిల్ రానీ, నేను పోతాను, పోతూ పోతూ వాణ్ని వెంట పెట్టుకుని పోతాను అనుకున్నాను. గౌసియాకూ అదే ఆలోచన వచ్చింది. చెన్నూరు పోయి ఓబులేసుతో అనేసింది కూడా.

“సార్, ఈ పని మనం చేసి బయట పెడితే వారం తిరక్కుండా వాడు ఎత్తుకపోతాడు. వాని కోసరం నేను కండ్లు పోగొట్టుకోవాల్నా? చెయ్యను సార్. మునిగిపోనీ వాన్ని.”

“వాడు మునుగుతాడులే పాప. మరి మనోళ్లో? సీమలో నలభై బృందాలు దీని మీదనే నేర్చుకుంటాండాయి. నా మోకాళ్లు పొయినాయి. మన బృందం నడిపే మద్దిలేటికి ఆయాసం. మేం పోతే ఆ అడుగులు యాడుంటాయి?”

“అయితే మీ పేరు సార్?”

“పేరుదేముందమ్మా, పాట ఉంటే చాలు.”

అంత పెద్దమనిషి మాట అన్నాక ఎవరేం చేస్తారు? గౌసియా మొహం ముడుచుకుని పని మొదలుపెట్టింది.

ఎనిమిది నెలలు పట్టింది. మొదటి రోజు నన్ను కొత్త టూల్‌కిట్ మీద నిలబెట్టబోతే ఆరువందల పన్నెండు తప్పులు చూపించింది. పాత దాంట్లో మీట నొక్కితే చేరే కబురు కొత్త దాంట్లో వేరే దారిలో చేరుతుంది. కిటికీ తెరిచే పద్ధతి వేరు, మూసే పద్ధతి వేరు. రెండు నెలలకు కిటికీ తెరుచుకుంది, లోపల ఏమీ లేదు, ఖాళీ. నాలుగో నెలలో మొహం వచ్చింది, గొంతు రాలేదు. గొంతు వచ్చాక దరువు ఒక వెంట్రుకంత వెనకబడింది. గౌసియా చెవికి అది అందలేదు. చెన్నూరులో ఓబులేసు పట్టేసిన మోకాళ్లతోనే లేచి, గోడ పట్టుకుని రెండడుగులు వేసి, “కాలికి అందలేదు పాప” అన్నాడు. ఆ వెంట్రుకను సరిచెయ్యడానికి ఆమెకు పదిహేడు రోజులు పట్టింది. ఇంతా చేస్తే మీటను మాత్రం నీలంగానే ఉంచింది.

ఆరో నెలలో గౌసియా నాలో పదకొండు వాక్యాలు రహస్యంగా రాసింది. అబ్బ, ఎంత అందమైన వాక్యాలవి! ఓబులేసు పేరు నాలో ఎక్కడా కనబడకపోతే, మూడో చరణంలో దరువు మెల్లగా పక్కకు జారిపోవాలి. జయతాళం పెట్టుకుని ఆడేవాళ్లంతా నలుగురిలో తడబడాలి, జయచంద్ర పరువు గంగలో కలవాలి. నా ఒంట్లో అంతకంటే ఇష్టమైన చోటు నాకు లేదు. ఆదివారం ఆమె ఆ సంగతి సంబరంగా ఓబులేసుకు చెప్పింది. ఆయన మొహం చూడలేదు గానీ గొంతు విన్నాను.

“జడకోపు ఆట చూసినావు గదా నువ్వు? పదైదు మంది తాళ్లు పట్టుకోని గుంజ చుట్టూ తిరుగుతాంటారు. దరువు జారితే ఒకరి మీద ఒకరు పడ్తారు. జయతాళం పెట్టుకోని ఆడేటోళ్లు జయచంద్ర కొడుకులా పాప? మనూరోళ్లే, బడి పిలకాయలే. వాని మీద కోపం వాళ్ల కాళ్ల మీద చూపిస్తావా?”

“ఇంగ నేనేం చెయ్యాల సార్!” అని గౌసియా ఏడ్చేసింది. “మిమ్మల్ని కంప్యూటర్లు తుడిచేటోడు అన్న్యాడు వాడు!”

ఆయన మాట మార్చలేదు. “తీసెయ్ పాప” అన్నాడు. తీసేసింది. ఆ పదకొండు వాక్యాలూ పోతుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. ఓబులేసు మీద కూడా కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు.

ఇక మిగిలింది పాటల పని. నాలో అరవై రెండు పాటలుండేవి, అన్నీ బొమ్మలుగా. పాత టూల్‌కిట్‌కు తెలుగు సరిగా వచ్చేది కాదు, వత్తులు విడిపోయి పక్కకు దొర్లేవి. అది చూడలేక ఓబులేసు పాటలన్నీ తన చేత్తో కాగితాల మీద రాసి, బొమ్మలు తీసి నాలో పెట్టాడు. ఆ చేతిరాత పాతగా ఉందని జయచంద్ర వాటిని ఏనాడో పీకేశాడు. జయతాళంలో దరువే గాని పాట కనబడేది కాదు. కొత్త టూల్‌కిట్ తెలుగును ముత్యాల్లా చూపిస్తుంది. అందుకని గౌసియా బొమ్మలు తీసేసి, పాటలన్నీ అక్షరాలుగా టైపు చెయ్యడం మొదలుపెట్టింది. నా పేరు, చేసినవాడి పేరు కూడా ఇంగ్లీషు తీసేసి తెలుగులో రాసింది.

చెక్కభజన పాటకు ఒక ఆచారముంది. కట్టినవాడు ఆఖరి చరణంలో తన పేరు చెప్పుకోవాలి. విన్నవాడికి ఎవరి పాటో తెలియాలి, అంతే. ఓబులేసు పాటలన్నిటికీ ఆ ఆఖరి చరణం ఉంది. మొదటి పాట ఇలా మొదలవుతుంది:

చేత చిడతలు బట్టి సిందులెయ్యర అన్న
చెన్నూరి వీధంత సద్దు సేయర అన్న

ఆఖరున ఇలా ముగుస్తుంది:

చెన్నూరి ఓబులేసు చెప్పిన పదమన్న
చెవి దాటి గుండెలో చేరనియ్యర అన్న

కింద, రచన: ఓబులేసు, 1983. గౌసియా ఆ పేరు టైపు చేసి ఆగింది. టకటకలు ఆగిపోయాయి. సేపటికి ఒక్క నవ్వు వినబడింది, చిన్నది, ముక్కులోంచి వచ్చేది. ఆ నవ్వుకు అర్థం నాకు వెంటనే తెలిసింది. అరవై రెండు పాటలు, అరవై రెండు చోట్ల పేరు, ఒక్కటీ దాచకుండా పట్టపగలు అందరికీ కనబడేట్టు రాసి ముగించింది. ఓబులేసుకు మాత్రం చెప్పలేదు. మేం గొయ్యి తవ్వలేదండీ. దారి చదును చేశాం. కళ్లు మూసుకుని నడిచేవాడి సంగతి మాకెందుకు?

ఫిబ్రవరిలో నన్ను అందరి ముందూ పెట్టింది. ‘చేసినవారి పేరు చెరపవద్దు’ అని మొదటి వాక్యంగానే రాసింది. ఆరు రోజులకు కొత్త జయతాళం వచ్చింది. ‘మా నిపుణుల ఏడాది కృషి, ఇప్పుడు పాటల సాహిత్యంతో సహా’ అని ప్రకటన. వెతుకు, మార్చు, మీట నొక్కుడు. నేను లోపల పళ్లు లేని నోటితో నవ్వుకున్నాను.

మార్చి నెలలో కడపలో జానపద కళల పోటీ పెట్టారు. మధ్యాహ్నం పూట, పెద్ద హాలు. ముఖ్య అతిథి జయచంద్ర. పాటలకు దరువు జయతాళంతోనే, సాహిత్యం వేదిక వెనక పెద్ద తెర మీద. అంటే దరువు వేసేది నేనే. వ్యాఖ్యాత మైకు పట్టుకుని, “ముప్పయ్యారేళ్ల చిన్న వయసులోనే ఇంతటి ఘనత సాధించిన జయచంద్ర గారు” అని పదిసార్లు అన్నాడు. ఓబులేసు, సుబ్బరత్నమ్మ, గౌసియా వెనక వరసలో కూర్చున్నారు. చెన్నూరు బృందం ఎక్కింది. మద్దిలేటి ముందు, వెనక పదమూడు మంది. మొదటి పాటే ఎత్తుకున్నారు.

వాళ్లు తెర చూడరు. ముప్పయ్యేళ్లుగా నోటికి వచ్చిన పాట. చూసింది జనం. ‘చేత జయతాళంలు బట్టి సిందులెయ్యర అన్న’ అని పడింది. హాల్లో ఎక్కడో కిసుక్కుమన్నారు. వ్యాపారం మనిషి, పాటలో కూడా ప్రకటన దూర్చాడులే అనుకున్నట్టున్నారు. నేను దరువు తప్పలేదు. ఒక్క వెంట్రుక కూడా పక్కకు పోనివ్వలేదు, ఓబులేసు కాలి మీద ఒట్టు. ఆఖరి చరణం వచ్చింది. పద్నాలుగు గొంతులు ‘చెన్నూరి ఓబులేసు’ అంటున్నాయి. తెర మీద మాత్రం:

చెన్నూరి జయచంద్ర చెప్పిన పదమన్న

దాని కింద, రచన: జయచంద్ర, 1983.

ముందు ఒక జత చెక్కలు ఆగాయి. తర్వాత రెండు. మద్దిలేటి వెనక్కి తిరిగి తెర చూశాడని గౌసియా తర్వాత చెప్పింది. పద్నాలుగు జతలూ ఆగిపోయాయి. పాట మధ్యలో చెక్క ఆపడం వాళ్లలో చావు కబురుకు తప్ప జరగదు. నా దరువు ఒక్కటే ఆ హాల్లో టక్కు టక్కుమని మోగుతోంది. వెనక వరసలోంచి సుబ్బరత్నమ్మ గొంతు లేచింది.

“ఓరి నీ ఇల్లు బంగారంగాను! అది నా పెండ్లిలో మా ఆయన కట్టిన పాట రా! ముప్పయ్యారేండ్లోనివి, నువ్వు పుట్టకముందే యెట్ల రాసినావు రా?”

అప్పుడు వినాలి మీరు ఆ నవ్వులు! కుర్చీలు కదిలాయి, ఈలలు లేచాయి, వ్యాఖ్యాత “సాంకేతిక లోపం, సాంకేతిక లోపం” అంటున్నాడు. లోపం నాదా? ఒక్క అక్షరం పొల్లుపోకుండా వాడు రాసింది రాసినట్టే చూపించాను. మద్దిలేటి మైకు లాక్కుని, “అప్పా, ఇది మా గురువు పాట, మా గురువు అదో ఆడుండాడు” అన్నాడు. అందరూ వెనక్కి తిరిగారట. ఓబులేసు తల దించుకుని కూర్చున్నాడట. కానీ ఆయన గౌసియా చెవిలో అన్నది ఆమె ఫోన్‌లో ఉన్న నాకు వినబడింది.

“పాప, ఆ చరణం ఇంగోసారి పెట్టమను.”

మనుషులూ, వాళ్ల పెద్దమనసులూ!

జయచంద్ర మర్నాడు పొద్దున్నే పనిలో పడ్డాడు. పత్రికలవాళ్లు జయతాళం తెరిచి చూసేలోపు పాటల్లో ఆ పేరు సరిచెయ్యాలి. అరవై రెండు పాటలు తెరిచి చదవాలా? ఎందుకు చదువుతాడు? జయచంద్ర అని ఉన్న చోటల్లా ఓబులేసు అని మళ్లీ అదే మీట నొక్కాడు. నొక్కి, అందరి ఫోన్లకూ పంపించేశాడు. పాటల్లో పేరు సరిగ్గా పడింది, కాదనను. కానీ వాడి పేరు ఒక్క పాటల్లోనే ఉందా? జయతాళం తెరవగానే కోటు వేసుకుని చేతులు కట్టుకున్న వాడి ఫోటో వస్తుంది. దాని కింద ఇప్పుడు ‘వ్యవస్థాపకుడు, రూపకర్త: ఓబులేసు’. యువ ఆవిష్కర్త పురస్కారం, ఓబులేసుకు. ‘చిన్ననాటి నుంచీ సంగీతమంటే ప్రాణం అంటారు ఓబులేసు.’ అన్నీ, అన్నిచోట్లా.

గౌసియా పరిగెత్తుకుని చెన్నూరు పోయింది. కళ్లద్దాలు సరిచేసుకుని ఓబులేసు ఆ పేజీ పై నుంచి కింది దాకా చదివించుకున్నాడు. ఇంకోసారి చదవమన్నాడు.

“పాపం సార్, ఫోన్ చేసి చెప్పాల్నా వానికి?” అంది గౌసియా, గొంతులో పాపం ఏమాత్రం లేకుండా.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చెప్దాంలే పాప. తొందరేముంది. ఈ వారం పోనీ” అన్నాడు.

ఆ వారం పోయింది. పదకొండో రోజున రాజంపేటలో ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవం. పిల్లల చెక్కభజనకు దరువు వెయ్యడానికి నన్ను, అంటే జయతాళాన్ని, తెరిచి మైకు ఆన్ చేసి పెట్టారు. అతిథిగా వచ్చిన జయచంద్రను పరిచయం చెయ్యాల్సిన టీచరమ్మ కొత్తమనిషి, వాణ్ని ఎరగదు. ఫోన్‌లో జయతాళం తెరిచి, ఫోటో సరిచూసుకుని, కింద ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివింది. పురస్కారాలన్నీ చదివింది. “దీన్ని తయారుచేసిన ఓబులేసు గారిని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం” అంది. చప్పట్లు.

వాడు లేవలేదు. చప్పట్లు ఆగిపోయాయి. ఆమె మళ్లీ పిలిచింది, “ఓబులేసు గారూ, మీరేనండీ, రండి” అని. కుర్చీ కిర్రుమంది. మెట్లెక్కిన బూట్ల చప్పుడు విన్నాను. దండ వేశారు, మైకు చేతికిచ్చారు. వాడి ఊపిరి నాకు దగ్గరగా వినబడింది. కాదు నేను జయచంద్రను అంటే, మరి దీన్ని తయారుచేసిన ఓబులేసు ఎవరో చెప్పాలి. ఊరుకుంటే ఓబులేసుగానే దిగిపోవాలి. ఐదు వందల మంది పిల్లలూ తల్లిదండ్రులూ చూస్తున్నారు. ఎనిమిది దరువుల కాలం గడిచింది, నేను లెక్కపెట్టాను.

“నేను ఓబులేసును కాదండీ” అన్నాడు. దండ తీసిన గరగర వినబడింది. “ఓబులేసు గారు చెన్నూరులో ఉంటారు. దీన్ని చేసింది ఆయనే. నేను... నేను ఒక మీట రంగు మార్చానండీ.”

పశ్చాత్తాపమని మీరనుకుంటే అనుకోండి, పిల్లలకు పాఠంగా చెప్పుకోండి. నేను దగ్గరుండి విన్నాను, అదేమీ కాదు. వేరే దారి లేక కక్కాడు. ఇష్టంగా చెప్పి ఉంటే నాకింత తియ్యగా ఉండేది కాదు.